నడకలో చెవిన పడే చదువు

1865లో హవానా నగరంలోని ఎల్ ఫిగారో చుట్టల ఫ్యాక్టరీలో కార్మికులు ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నారు. తమలో ఒకణ్ణి అందరికీ వినపడే చోట కూర్చోబెట్టి చదవడానికి పుస్తకం చేతికిచ్చారు. అతను గొంతెత్తి చదువుతుంటే మిగిలినవాళ్లు పొగాకు చుడుతూ విన్నారు. చదివే మనిషికి కూలి పోకుండా అందరూ తలా కొంత వేసుకున్నారు. చూస్తుండగానే ఈ పద్ధతి ఇతర ఫ్యాక్టరీలకూ పాకింది. వార్తాపత్రికలు చదివేవారు, నవలలు చదివేవారు. ఏ నవల చదవాలో కార్మికులే ఓటు వేసి తేల్చుకునేవారు. వాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. అయినా విక్టర్ హ్యూగోనీ, అలెగ్జాండర్ డ్యూమానీ ఒంటబట్టించుకున్నారు. మాంటెక్రిస్టో అనే ప్రసిద్ధ చుట్టల బ్రాండుకు ఆ పేరు డ్యూమా నవల నుంచే వచ్చింది.

స్పెయిన్ వలస ప్రభుత్వం 1866లోనే దీన్ని నిషేధించింది. చేతులు పనిలో ఉన్నా చెవులు తెరిచి ఉన్న మనిషి ఎక్కువకాలం తల వంచుకుని ఉండడని పాలకులు సరిగ్గానే గ్రహించారు. నిషేధాలు వచ్చాయి, పోయాయి. చదివి వినిపించే ఉద్యోగం మాత్రం క్యూబా చుట్టల ఫ్యాక్టరీల్లో ఈనాటికీ ఉంది.

ఒళ్లు అలవాటైన పనిలో పడ్డప్పుడు బుద్ధికి తీరిక దొరుకుతుందని ఆ కార్మికులు కనిపెట్టారు. పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద, ఊళ్లలో హైస్కూలు గ్రౌండులో నడిచేవాళ్లకు దొరికేదీ సరిగ్గా ఆ తీరికే. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఏడాదికి లెక్క వేస్తే అది 130 గంటలు. ఉద్యోగం, పిల్లలు, వంట, ప్రయాణాల మధ్య చదువుకోవడానికి అన్ని గంటలు విడిగా తీయగలిగే గృహస్థు ఎవరు? నడిచేవాడికి అవి ముందే ఉన్నాయి.

తెలుగువాళ్లకు చెవి చదువు కొత్తేమీ కాదు. గుడిలో పురాణ కాలక్షేపం, వీధి అరుగుల ముందు హరికథ, బుర్రకథ ఎన్నో తరాలకు భారత భాగవతాలు నేర్పాయి. తర్వాత ఆ పని రేడియో అందుకుంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణం, భారతం చెబుతుంటే ఇళ్లలో పని ఆగకుండానే వినడం సాగేది. ఇవాళ చాగంటి కోటేశ్వరరావు, గరికిపాటి నరసింహారావు ప్రవచనాలు ఫోనులో వింటూ పార్కుల్లో తిరిగేవాళ్లు ఆ వరుసలోని వాళ్లే. కాకపోతే ఇప్పుడు ప్రవచనాలకు మించి చాలా అందుబాటులో ఉంది. ఆ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

బీబీసీ రేడియోలో 1998లో మొదలైన 'ఇన్ అవర్ టైమ్' సంగతే తీసుకోండి. వారానికో విషయం, దాని మీద జీవితమంతా పనిచేసిన ముగ్గురు ఆచార్యులు. మెల్విన్ బ్రాగ్ 2025 దాకా ఆ చర్చలను నడిపాడు. ఒక్కొక్కటీ సుమారు ముప్పావుగంట, అంటే ఒక మంచి నడకకు సరిపడేంత. అలాంటివి 1000కి పైగా ఉన్నాయి. తెలుగులో కిరణ్‌ప్రభ టాక్ షోలు ఉన్నాయి. రచయితల జీవితాలను, చరిత్రలో మరుగున పడిన మనుషులను ఆయన తీరిగ్గా, ఆధారాలు వెతికి, కథలా చెబుతారు. వీటికి ఎవరూ ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు.

వీటన్నిటిలో నడిచే మనిషిని ఆగి ఆలోచించేలా చేసేది ఒకటి ఉంది. యేల్ విశ్వవిద్యాలయం 2007 డిసెంబరులో కొన్ని తరగతి పాఠాలను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆడియోగా కూడా దించుకోవచ్చు. వాటిలో షెల్లీ కేగన్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యుడు చెప్పిన 26 ఉపన్యాసాల కోర్సు పేరు 'డెత్'. వారానికి మూడు పాఠాల చొప్పున తొమ్మిది వారాల్లో పూర్తవుతుంది. పైన చెప్పిన 130 గంటల్లో ఆ నిడివి కోర్సులు ఆరు పడతాయి.

కేగన్ వాదన సూటిగా ఉంటుంది. ఆత్మ అని విడిగా ఏదీ లేదు. మనిషంటే శరీరమే. అయితే అది ఆలోచించగల, ప్రేమించగల, కవిత్వం రాయగల శరీరం. ఆత్మ అమరమని చెప్పడానికి ప్లేటో 'ఫీడో'లో చూపిన కారణాలను ఆయన ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఇది నిలబడదని పక్కన పెడతాడు. ఆత్మకు చావు లేదని చిన్నప్పటి నుంచీ గీతా పారాయణంలో విన్న తెలుగు శ్రోతకు ఇది మింగుడు పడదు. పడనక్కర్లేదు కూడా. కానీ ఎందుకు ఒప్పుకోవడం లేదో తనకు తాను చెప్పుకోవలసి వస్తుంది. అప్పటిదాకా వంశపారంపర్యంగా చేతికొచ్చిన నమ్మకం మొదటిసారి తన సొంత ఆలోచన కావడం మొదలవుతుంది.

ఈ పాఠాన్ని కుర్చీలో కూర్చుని వినడం వేరు, నడుస్తూ వినడం వేరు. ఎగువ దారిలో మోకాలు పట్టేస్తుంది, ఊపిరి బరువవుతుంది, చెమట కళ్లలోకి దిగుతుంది. 'నేను ఈ శరీరం కాను' అన్న మాటా, 'నేను ఈ శరీరమే' అన్న మాటా ఆ నిమిషంలో రెండూ పరీక్షకు నిలబడతాయి. ఒకవైపు మనిషి తన దేహాన్ని మరికొన్నేళ్లు నిలుపుకోవడానికే నడుస్తున్నాడు. మరోవైపు అది నిలవదని వింటున్నాడు. తత్త్వశాస్త్రానికి ఇంతకంటే తగిన తరగతి గది లేదు.

నడకలో విన్నది నిజంగా తలకెక్కుతుందా? ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరిశోధకులు కొందరికి పరాయి భాష మాటలు వినిపించి చూశారు. 2014లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, కూర్చుని విన్నప్పటి కంటే ట్రెడ్‌మిల్ మీద తమకు నచ్చిన వేగంతో నడుస్తూ విన్నప్పుడు వాళ్లకు మాటలు మెరుగ్గా గుర్తున్నాయి. తమకు నచ్చిన వేగం అన్న మాటే ఇందులో ముఖ్యం. రొప్పుతూ పరుగెత్తేటప్పుడు మనసు గుండె వెంటా ఊపిరి వెంటా పోతుంది. ఆ సమయానికి పాటలే సరి. బరువైన పాఠానికి తాపీ నడకే తగినది.

అదే ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి కేటీ మిల్క్‌మన్ బృందం చేసిన మరో అధ్యయనం వెలువడింది. వాళ్లు కొందరికి ఉత్కంఠగా సాగే ఆడియో నవలలు ఇచ్చి, జిమ్‌లో మాత్రమే వినగలిగేలా కట్టడి చేశారు. కట్టడి లేనివాళ్లతో పోలిస్తే వీళ్లు మొదట్లో 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కు వెళ్లారు. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం కాళ్లను గడప దాటించింది. అయితే వారాలు గడిచేకొద్దీ ఆ ఊపు తగ్గుతూ వచ్చి, మధ్యలో పండగ సెలవులు రాగానే ఆరిపోయింది. కుతూహలం తలుపు తీస్తుందే గాని రోజూ నడిపించదు. ఒక పాఠాల వరుస ఎంచుకుని చివరిదాకా దానితోనే సాగడం మంచిదని చెప్పడానికి కారణం ఇదే. ఇవాళ రోమన్ చరిత్ర, రేపు కృష్ణబిలాలు, ఎల్లుండి షేర్ మార్కెట్ అంటూ విన్నవాడికి నెల తిరిగేసరికి ఏదీ మిగలదు.

ఇంకొక పొరపాటు వేగం పెంచి వినడం. పాఠాన్ని ఒకటిన్నర రెట్లు వేగంతో పరుగెత్తించి, ఈ నెలలో ఇన్ని గంటలు పూర్తిచేశానని లెక్క చెప్పుకోవడం చదువు కాదు.

మన పెద్దలు జ్ఞానానికి శ్రవణం (వినడం), మననం (విన్నదాన్ని తర్కించుకోవడం), నిదిధ్యాసనం (దానిలోనే మనసు నిలపడం) అని మూడు మెట్లు చెప్పారు. ఫోను మొదటి మెట్టు మాత్రమే ఎక్కిస్తుంది. చార్లెస్ డార్విన్ తన ఇంటి దగ్గర శాండ్‌వాక్ అనే ఇసుక, కంకర బాట వేయించుకుని ఏళ్ల తరబడి రోజూ దాని చుట్టూ తిరిగేవాడు. చెవిలో ఏ పాఠమూ లేదు. చదివినదీ చూసినదీ అక్కడే నెమరు వేసుకున్నాడు. అందుకే నడకలో చివరి పావుగంట ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకోవడం, వినడమంత ముఖ్యం. తోడు నడిచేవాళ్లుంటే మరీ మంచిది. హవానా కార్మికులు విన్నదాని గురించి వాదించుకునేవారు. ఇద్దరు స్నేహితులు ఒకే పాఠం విని, తిరుగు దారిలో దాని మీద మాట్లాడుకుంటే ఆ ముచ్చటే మననం. పార్కు బయట బండ్లు తిరిగే రోడ్డు మీద నడిచేవాళ్లు ఒక చెవైనా ఖాళీగా ఉంచుకోవాలి. ఏ పాఠమూ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

తెలుగులో ఒక పెద్ద లోటు ఉంది, చదివి రికార్డు చేసిన పాత పుస్తకాల లోటు. అది మనమే తీర్చగలిగినది. 2005లో మాంట్రియల్‌లో హ్యూ మెక్‌గైర్ అనే వ్యక్తి లిబ్రివాక్స్ అనే సేవ మొదలుపెట్టాడు. కాపీరైటు తీరిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి, రికార్డు చేసి, అందరికీ ఉచితంగా వదిలేయడం దాని పని. చదివేవాళ్లు నటులు కారు, మామూలు మనుషులు. తలా ఒక అధ్యాయం చదువుతారు, మరొకరు విని తప్పులు చూస్తారు. ఇలా వేల పుస్తకాలు పోగయ్యాయి. అందులో ఎక్కువ భాగం ఇంగ్లీషే అయినా, ఆ సేవ ఇతర భాషలకూ తలుపులు తెరిచే ఉంచింది.

మన దేశంలో రచయిత కన్నుమూసిన 60 ఏళ్ల తర్వాత ఆయన జీవితకాలంలో అచ్చయిన రచన అందరి సొత్తవుతుంది. గురజాడ అప్పారావు 1915లో, కందుకూరి వీరేశలింగం 1919లో పోయారు. వీరేశలింగం స్వీయచరిత్రను ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పష్టమైన ఉచ్చారణ ఉన్న రిటైరైన తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు, ఒకప్పుడు నాటకాలాడినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఫ్యాను ఆపేసిన గది, ఒక ఫోను ఉంటే మొదలుపెట్టవచ్చు. మీరు అలాంటివారైతే ఈ వారం ఒక్క అధ్యాయం చదివి పెట్టండి. మీ ఇంట్లో అలాంటివారుంటే పుస్తకం తెచ్చి వారి చేతికివ్వండి.