కథల్లోని నిప్పు: ఒక పాఠకుడి ప్రశ్న

నేను భయపెట్టే కథలు ఇష్టపడి చదివే పాఠకుణ్ణి. అందులోనూ నిప్పు ఉన్న కథలంటే మరీ ఇష్టం. దానంతటదే రగిలే చితి, అర్ధరాత్రి మంటల్లో కూలిపోయే మేడ, చూపుతోనే నిప్పు పుట్టించే పిల్ల: ఇలాంటివి ఉన్న పుస్తకం దొరికితే అయ్యేదాకా కింద పెట్టను. ఈ సంగతి ఇలాంటి పత్రికలో ఒప్పుకోవటానికి కొంచెం మొహమాటంగానే ఉన్నది. ఎందుకంటే మనలో చాలామంది ఈ కథల మీద ఎప్పుడో తీర్పు చెప్పేశారు. అవి మూఢనమ్మకాలు పెంచుతాయి, పాఠకుణ్ణి మత్తులో ముంచుతాయి, గనక చదవకపోవటమే మంచిదన్నారు. ఈ తీర్పులో నిజం లేకపోలేదు. కాని అది సమస్యను తేల్చదు. చదివేవాడికి కలిగిన భయం అబద్ధం కాదు. ఆ భయాన్ని కథ ఎటు నడిపించింది, దానితో పాఠకుడు ఏం చేశాడు అన్నదే తేలవలసిన విషయం.

మాది గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురం. చిన్నప్పుడు రాత్రివేళ లంకల వైపు ఒక వెలుగు కదులుతూ కనబడితే, మా నాయనమ్మ నా తల అటు తిప్పనిచ్చేది కాదు. "కొరివి దయ్యంరా, చూడమాకు" అనేది. నేను దుప్పటి ముసుగులోంచి దొంగచాటుగా చూసేవాణ్ణి. ఆ భయంలో ఎంతో ఆనందం ఉండేది. పెద్దవాణ్ణయ్యాక తెలిసింది, ఆ వెలుగుల్లో చాలామట్టుకు రాత్రిపూట చేపలకు పోయేవాళ్ళ లాంతర్లని. దయ్యం లేదని తెలియటం పెద్ద విశేషం కాదు. దయ్యం అనుకున్నన్నాళ్ళూ ఆ లాంతరు పట్టుకున్న మనిషి నాకు కనబడలేదు, అదీ విశేషం.

హరికథలు నేర్పే పాఠశాల వెలసిన ఊరు మాది. లంకాదహనం కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. హనుమంతుడు తోకతో మేడలంటించే ఘట్టం వచ్చేసరికి పందిట్లో నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. ఆ ఉత్సాహంలో మేము పట్టించుకోని సంగతి ఒకటి వాల్మీకి సుందరకాండలో ఉన్నది. లంక తగలబడ్డాక హనుమంతుడు కూలబడతాడు. ఈ మంటల్లో సీత కూడా కాలిపోయి ఉంటుందేమో, కోపంలో ఎంత పని చేశానని తన్ను తాను నిందించుకుంటాడు. నిప్పు పెట్టినవాడే, ఎవరు కాలారు అని అడుగుతున్నాడు. అతను అడిగింది ఒక్క సీత గురించే, నిజమే. లంకలోని దాసీల గురించీ, వాళ్ళ పిల్లల గురించీ అడగలేదు. అయినా ప్రశ్న అంటూ పుట్టింది.

లక్క ఇంటి కథలో ఆ ప్రశ్న కూడా పుట్టదు. ఆ ఇంటికి నిప్పు పెట్టిందెవరని నా విద్యార్థుల్ని అడిగితే కొందరు దుర్యోధనుడన్నారు, కొందరు పురోచనుడన్నారు. వ్యాసభారతంలో నిప్పు పెట్టినవాడు భీముడు. పన్నాగం దుర్యోధనుడిదే, తగలబెట్టటానికి వచ్చిన వాడు పురోచనుడే, కాని వాడికంటే ముందు భీముడు అంటించాడు. ఆ రాత్రి కుంతి పెట్టిన సంతర్పణకు ఒక నిషాద స్త్రీ అయిదుగురు కొడుకులతో వచ్చింది. తిని, తాగి, అక్కడే నిద్రపోయింది. పాండవులు సొరంగంలోంచి బయటపడ్డారు. తెల్లవారి బూడిదలో దొరికిన ఆరు శవాలు చూసి, పాండవులూ కుంతీ పోయారని లోకం నమ్మింది. శవాలు దొరకబట్టే వాళ్ళు బతికారు. సొరంగం దాకా ఊపిరి బిగబట్టి చదివిన నేను, వాళ్ళు అవతల తేలేసరికి హమ్మయ్య అనుకున్నాను. ఆ ఆరుగురూ నా లెక్కలోకి రానేలేదు. బెంగాలీలో మహాశ్వేతాదేవి నిషాదుల పక్షాన కుంతిని నిలదీస్తూ కథ రాసిందాకా, నాబోటి పాఠకులెందరికో ఆ లోటు తట్టలేదు.

ఇది మన పురాణాలకే పరిమితమైన జబ్బు కాదు. 1847లో వచ్చిన 'జేన్ ఐర్' నవలలో మేడమీద గదిలో బంధించిన పిచ్చి భార్య, బెర్తా, ఇంటికి నిప్పు పెట్టి కప్పుమీదినుంచి దూకి చస్తుంది. దాంతో కథానాయిక పెళ్ళికి అడ్డు తొలగుతుంది. బెర్తా జమైకా నుంచి కట్నంతో సహా వచ్చిన మనిషి. ఆమె ఎవరు, ఆ గదిలోకి ఎలా చేరింది అని కరీబియన్ దీవుల్లో పుట్టిన జీన్ రీస్ అనే రచయిత్రి 1966లో మరో నవల రాసి చెప్పవలసి వచ్చింది. నూటికి పైగా ఏళ్ళు పాఠకులు ఆ మంటను చూశారు. అంటించిన చేతిని చూడటానికి అంతకాలం పట్టింది.

ఇక మన కాలానికి వస్తాను. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పసిపిల్ల మీద కాష్మోరా ప్రయోగం అందులో కథ. నేను దాన్ని కొన్నేళ్ళ తరవాత అద్దె పుస్తకాల షాపునుంచి తెచ్చి ఒక్క రాత్రిలో చదివాను. నిద్రపట్టలేదు. రచయిత నేర్పును కాదనటం అన్యాయం. కాని ఆ రోజుల్లోనూ, ఆ తరవాతా తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల పళ్ళు పీకారు, ప్రాణాలతో తగలబెట్టారు. నవలలు చదివి ఆ పని చేశారని నేననను. ఆ నమ్మకం నవలలకంటే చాలా పాతది. అలా నిప్పు పెట్టినవాళ్ళలో ఎందరికి చదువొచ్చునో కూడా ఆలోచించవలసిందే. నేనడిగేది నా గురించి. నవల చదివిన రాత్రి నేను మంత్రగాడికి భయపడ్డాను. మంత్రగాడన్న ముద్ర పడ్డ మనిషి కోసం భయపడలేదు. కథలో మంత్రగాడి వల్ల ఇతరులు కాలతారు. ఊళ్ళో కాలిపోయేది మంత్రగాడనిపించుకున్న వాడే. తరచు దిక్కులేని ముసలిదో, పేదవాడో. నా భయం ఎటు చూడాలో అటు చూడలేదు.

అయితే వాస్తవిక కథలు తప్ప మరేమీ రాయకూడదా, దయ్యాలనూ అద్భుతాలనూ సాహిత్యంలోంచి వెళ్ళగొట్టాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. 1980లో అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ 'ఫైర్‌స్టార్టర్' అనే నవల రాశాడు. అందులో చిన్నపిల్ల మనసుతో నిప్పు పుట్టిస్తుంది. ఇంతకంటే అసాధ్యమైన కల్పన ఉండదు. కాని ఆ శక్తి ఎక్కణ్ణించి వచ్చింది? పిల్ల తల్లిదండ్రులు కాలేజీలో చదివే రోజుల్లో కాస్త డబ్బుకోసం ఒక ప్రభుత్వ రహస్య సంస్థ జరిపిన మందుల ప్రయోగానికి ఒప్పుకున్నారు. ఆ సంస్థే ఇప్పుడు పిల్లను ఆయుధంగా వాడుకోవటానికి తరుముతున్నది. చివరికి ఆ పిల్ల తన కథ చెప్పుకోవటానికి ఒక పత్రిక ఆఫీసు వెతుక్కుంటూ పోతుంది. కల్పన ఎంత విపరీతమైనా, నిప్పుకు కారణం మనుషుల్లోనే ఉన్నదని ఈ నవల మరవనివ్వదు. కనక దోషం కల్పనలో లేదు, కారణాన్ని మాయం చెయ్యటంలో ఉన్నది. ఆ పని వాస్తవిక రచన కూడా చెయ్యగలదు.

నేను నీతులు చెప్పే స్థానంలో లేను. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. అప్పుడు కాలేజీ విద్యార్థిని. స్నేహితులతో ఏరు దాటి చూడటానికి పోయాను. దారంతా తిరునాళ్ళలాగా జనం. కొబ్బరిచెట్ల పైన ఆకాశానికి నిలబెట్టినట్టు మంట, దాని హోరు. మొదట గుండె ఝల్లుమన్నది, వెంటనే ఎంతో సంతోషం కలిగింది. చదివిన పుస్తకాలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడినట్టనిపించింది. అంతలో నెత్తిన మూటతో ఒక ముసలామె మా వెనక ఆగి, "సూడ్డానికొచ్చారా బాబూ? కాస్త దారియ్యండి, మేం ఎల్లిపోవాలి" అన్నది. ఆ మాటలో కోపం లేదు. మేము పక్కకు తప్పుకున్నాం. ఆమె వెనక ఇంకా కొన్ని కుటుంబాలు నడుచుకుంటూ పోయినై. మేము నిలబడ్డది వాళ్ళు ప్రాణాలు దక్కించుకుని పోయే దారికి అడ్డంగా.

పందొమ్మిదేళ్ళ తరవాత, 2014 జూన్ 27 తెల్లవారుజామున, అదే కోనసీమలో నగరం గ్రామం దగ్గర గెయిల్ గ్యాసు గొట్టం పగిలి, పాకిన గ్యాసు భగ్గుమన్నది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇలాంటప్పుడు మన వార్తల్లో అలవాటుగా పడే మాట ఒకటున్నది: అగ్నికి ఆహుతి. ఆహుతి అంటే హోమంలో వేల్చేది. వేల్చిన చెయ్యి లేకుండా ఆహుతి ఉండదు. ఆ మాట రాసేవాళ్ళకు ఈ అర్థం తోచదు. చదివేవాళ్ళం మనమూ అడగం. నగరంలో మృత్యుదేవత నాట్యమాడలేదు. గొట్టంలోకి తేమ ఉన్న గ్యాసు పోనిచ్చారు, లోపల తుప్పు పట్టింది. ఇది విచారణలో తేలిన సంగతి. తుప్పుకు మంత్రం లేదు, దాన్ని చూసుకోవలసిన మనుషులున్నారు. విధివైపరీత్యం అని రాసిన వార్త, కాష్మోరా కథకంటే వాస్తవికం కాదు.

నిప్పు పెట్టిందెవరు, కాలిందెవరు: ఈ రెండు ప్రశ్నలూ ఏ కథనైనా అడగవచ్చు. సమాధానం చెప్పగల కథలు కొన్నే ఉంటాయి. చెప్పలేని కథను తగలబెట్టనక్కర్లేదు. చెప్పలేకపోతున్నదని పాఠకుడు గుర్తిస్తే చాలు, ఆ కథ అతణ్ణి మోసగించలేదు. భయం కలగటం తప్పు కాదు. భయంలో ఆనందం కలగటమూ తప్పు కాదు. భయం తీరాక పుస్తకం మూసి, ఇక అడగవలసిందేమీ లేదనుకోవటం తప్పు. ఆ అలవాటే మర్నాడు వార్త చదివేటప్పుడు కూడా మనల్ని వదలదు.

నా విద్యార్థులకు ఆ పుస్తకాలు చదవవద్దని నేను చెప్పను. నేనూ మానలేదు. కాని మంట లేచే పుట వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగుతాను. సొరంగంలో పోయేవాళ్ళను పోనిచ్చి, ఆ ఇంట్లో ఇంకా ఎవరు నిద్రపోతున్నారో చూసి వస్తాను.