చెంబులో నీళ్ళు: ఇల్లే మొదటి బడి





ఈసారి పెద్ద సంగతులు వద్దు. అనాత్మ, ప్రతీత్య సముత్పాదం ఇంకో పుస్తకంలో చూసుకుందాం. ఈసారి మన ఇళ్ళలో ఉన్న మూడేళ్ళ, అయిదేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లోళ్ళ గురించి మాట్లాడుకుందాం. దీక్ష తీసుకున్నది మనం, వాళ్ళు కాదు. మనం ఇరవై రెండు ప్రతిజ్ఞలు గట్టిగా చదివి ఇంటికొచ్చాం. పిల్లోడు మన నోటికంటే మన చేతినే ఎక్కువగా చూస్తాడు.

తాడిమర్రి మండలంలో ఒక పల్లెలో కూర్చున్నప్పుడు ఒక ఉపాసిక ఇట్లా అడిగింది: "అన్నా, బెంగుళూరులో కొందరు పిల్లల్ని బడికే పంపకుండా ఇంట్లోనే చదివిస్తారంట. మన పిల్లోళ్ళకు బడిలో మళ్ళీ అదే పూజ, అదే దండం నేర్పిస్తా ఉన్నారు. మనమూ మానిపిస్తే ఏమి?"

ఆ తల్లి బాధ నిజమే. కానీ మానిపించొద్దు. బడి గడప మనకు ఊరికే దక్కలేదు. 1848లో పూనాలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెడితే, పాఠం చెప్పడానికి పోయే సావిత్రిబాయి మీద పేడ విసిరారు. బాబాసాహెబ్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దానిమీద విడిగా కూర్చుని చదివాడు. దప్పికైతే బంట్రోతు వచ్చి కొళాయి తిప్పాలి. బంట్రోతు లేని రోజు నీళ్ళు లేవు. అయినా బడి మానలేదు. ఇప్పుడు 6 నుంచి 14 ఏళ్ళ దాకా చదువు హక్కని చట్టమే ఉంది. డబ్బున్నవాళ్ళకు ఇంటి చదువు ఒక ముచ్చట. మన పిల్ల బడి మానితే ఆ జాగాలో చెనక్కాయ చేనో, మగ్గం గుంతో కాచుకుని ఉంటుంది.

అయితే ఆ తల్లి ప్రశ్నలో ఒక సగం సరైనదే. బడి ఆరేళ్ళకు మొదలవుతుంది. అంతకుముందు అంగన్‌వాడీలో ఉండే కొన్ని గంటలు తీసేస్తే, పిల్ల మన ఒడిలోనే ఉంది. ఆ తరువాత కూడా పొద్దుగూకినాక మన దగ్గరకే వస్తుంది. మనం బ్రహ్మను నమ్మమని ప్రతిజ్ఞ చేశాం కదా. బుద్ధుడు అంగుత్తర నికాయంలో ఆ మాటను ఎట్లా వాడాడో చూడండి: బ్రహ్మ అంటే తల్లిదండ్రులే అన్నాడు, మొదటి గురువులు వాళ్ళే అన్నాడు. పైలోకంలో ఉన్నాడన్నవాణ్ణి కిందికి దించి, మన వంటింట్లో సంగటి కెలికే అమ్మ దగ్గర కూర్చోబెట్టాడు. బిరుదు పెద్దదే. దానికి తగ్గ పని ఏమిటి?

రాహులుడి కథలో అది ఉంది. బుద్ధుడికి ఒక్కడే కొడుకు. వ్యాఖ్యానాల ప్రకారం అప్పటికి వాడికి ఏడేళ్ళు. రాజగృహం దగ్గర అంబలట్ఠిక అనే చోట ఉండేవాడు. ఒకనాడు సాయంత్రం బుద్ధుడు అక్కడికి వస్తే, రాహులుడు ఆసనం వేసి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టాడు. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని చెంబులో కొంచెం నీళ్ళు మిగిల్చాడు. ఇదిగో చూడు, తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి మంచితనం ఇంతే అన్నాడు. ఆ నీళ్ళు పారబోసి, అట్లాంటివాడి మంచితనం ఇట్లా పారబోసినట్టే అన్నాడు. చెంబు బోర్లించి చూపించాడు, మళ్ళీ తిప్పి వట్టి చెంబు చూపించాడు. అందుకే నవ్వులాటకు కూడా అబద్ధమాడనని నేర్చుకో అని చెప్పాడు.

బెత్తం లేదు. నరకం అని భయపెట్టలేదు. చేతికందిన చెంబుతో పాఠం అయిపోయింది. మన ఇళ్ళలో చెంబు లేని ఇల్లు యాడుంది?

అశోకుడు రాజస్థాన్‌లో దొరికిన బైరాట్ శాసనంలో భిక్షువులూ, భిక్షుణులూ, ఉపాసకులూ, ఉపాసికలూ మళ్ళీ మళ్ళీ వినాల్సిన ధమ్మ పాఠాలని ఏడింటిని పేర్కొన్నాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఈ బోధ అందులో ఒకటి. మనకు అంత దూరం ఎందుకు, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద అదే అశోకుడు చెక్కించాడు: తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని. ఆ మాట 2,200 ఏళ్ళకు పైగా మన సీమ ఎండలో కాగుతా అక్కడే ఉంది. ఎప్పుడైనా పిల్లల్ని తీసుకపోయి చూపించండి. ఒకరోజు కూలి పోతుంది, నిజమే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. వారం వారం కంతు వసూలు చేసుకునే ఆయన బండి చప్పుడు వినబడుతుంది. ఇంట్లో రూపాయి లేదు. అమ్మ తలుపు చాటుకు పోయి, "అమ్మ ఊరికి పోయిందని చెప్పు పోమ్మా" అని అయిదేళ్ళ పాపను బయటికి తోస్తుంది. పాప పోయి, "మా అమ్మ ఊరికి పోయిందని చెప్పమనింది" అంటుంది. తరువాత మనం ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటాం. నవ్వులాటకు కూడా వద్దన్నది సరిగ్గా ఇదే చోట.

అప్పు నిజం, కరువు నిజం, చేతిలో డబ్బు లేకపోవడమూ నిజం. కానీ "ఈ వారం లేదు సారూ" అని చెప్పడానికి మనకు సిగ్గు. ఆ సిగ్గును తీసుకపోయి పాప నెత్తిన పెడుతున్నాం. పెద్దవాళ్ళు గడప దాటి వచ్చి నిలబడి ఆ మాట చెప్పాలి. ఆయన నాలుగు మాటలంటాడు, పడాలి. వెనక నిలబడి చూస్తున్న పాపకు అప్పుడు ముసావాదా వేరమణి అంటే ఏమిటో అర్థం చెప్పాల్సిన పని ఉండదు.

సారా సంగతి పొడిగించను. పిల్లోడి చేతికి డబ్బిచ్చి మందు తెమ్మని అంగడికి పంపే తండ్రి, సాయంత్రం వాడితో పంచశీల చెప్పించకపోతేనే మేలు.

పంచశీల అన్నాను కాబట్టి ఇంకో మాట. కొన్ని ఇళ్ళలో పిల్లలు త్రిశరణం, పంచశీల పాళీలో గడగడా అప్పజెపుతారు. చుట్టాలు చప్పట్లు కొడతారు. అర్థం అడిగితే తెల్లమొహం. అర్థం తెలియకుండా వల్లిస్తే అది మనం వదిలేసి వచ్చిన మంత్రమే, భాష ఒక్కటే మారింది. రోజుకొక శీలం చాలు, తెలుగులో చెప్పండి. తొండను రాళ్ళతో కొడుతున్న పిల్లోణ్ణి పట్టుకుని వీపు మీద బాదకండి. హింస వద్దని హింసతో చెప్పినట్టవుతుంది. చేపల్ని పట్టి వేధిస్తున్న పిల్లలు బుద్ధుడికి దారిలో కనబడితే, నొప్పంటే మీకు భయమా, కాదా అని అడిగాడు. వాళ్ళు అవునన్నారు. పాఠం అక్కడినుంచి మొదలుపెట్టాడు.

కొట్టకుండా పిల్లలు మాట వింటారా అని మీరు అంటారు. అభయ రాజకుమారుడు ఒడిలో బిడ్డను పెట్టుకుని కూర్చుంటే బుద్ధుడు అడిగాడు: ఈ బిడ్డ నోట్లో పుల్లో, రాయో పెట్టుకుంటే ఏం చేస్తావు? రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీస్తానన్నాడు అభయుడు, బిడ్డ మీద దయతో. అంటే కొన్నిసార్లు గట్టిగా ఉండాల్సిందే. కానీ అభయుడు రాయి తీయడానికి వేలు పెట్టాడు. మనం రెడ్డి చేలో పడిన మాటల కోపం, బస్సు దొరకని కోపం, కూలి తక్కువిచ్చిన కోపం తీసుకొచ్చి పిల్ల వీపు మీద దించుతున్నాం. పిల్ల నోట్లో రాయి ఉందా, మన గుండెలో ఉందా అని చెయ్యి ఎత్తే ముందు ఒక్క శ్వాస చూసుకోవాలి. రాహులుడికి చెప్పిందీ అదే: అద్దంలో మొహం చూసుకున్నట్టు పని చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత చూసుకో, నాకు గానీ ఇంకొకరికి గానీ దీనివల్ల చేటు ఉందా అని.

ఇంగ అన్నింటికన్నా కష్టమైనది. ఏదో ఒకరోజు పిల్ల బడి నుంచో, చవితి పందిరి దగ్గర నుంచో వచ్చి అడుగుతుంది: "నాయనా, మనం ఎవరు? వాళ్ళింట్లోకి నన్నెందుకు రానీలేదు?" చానామంది తల్లిదండ్రులు ఇక్కడ మాట మారుస్తారు. కొందరు చాక్లెట్ కొనిస్తారు.

బాబాసాహెబ్ తండ్రి రాంజీ కబీర్‌పంథీ, క్రమశిక్షణ గల మనిషి. ఇంట్లో రోజూ పిల్లల చేత రామాయణ, భారతాలు చదివించేవాడు. పరీక్ష పాసైన సందర్భంగా జరిగిన సభలో కేలూస్కర్ అనే పెద్దమనిషి కుర్ర భీమ్‌రావుకు తాను రాసిన బుద్ధుడి జీవితం ఇచ్చాడు. అది చదివి భీమ్‌రావు తండ్రిని నిలదీశాడు: మనల్ని తక్కువ చేసే ఆ పుస్తకాలు నాచేత ఎందుకు చదివించావు? మొదట తండ్రి పిచ్చి ప్రశ్నలు వేయొద్దన్నాడు. తరువాత జవాబిచ్చాడు: మనం అంటరానివాళ్ళం, నీకు నేను తక్కువవాణ్ణి అనే భావం పట్టుకుంటుందేమోనని, ద్రోణుడూ కర్ణుడూ చిన్నవాళ్ళుగా పుట్టి ఎంత పైకి వచ్చారో చూడమని. భీమ్‌రావుకు అది చాలలేదు. ఆ పుస్తకాల్లో తనకు నచ్చని మనుషుల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టి చెబితే, తండ్రి మారు మాట్లాడలేదు. ఇదంతా బాబాసాహెబే 'బుద్ధుడు - ఆయన ధమ్మం' కోసం 1956లో రాసుకున్న ముందుమాటలో చెప్పాడు.

నాకు ఆ తండ్రి మీద చానా గౌరవం. బిడ్డ మనసులో తక్కువతనం పడకూడదని ఆయన కనిపెట్టాడు. ఆయన చేతికి అందిన మందు అదొక్కటే. మన చేతికి అంతకంటే మంచి మందు ఉంది. కాబట్టి పిల్ల అడిగినప్పుడు అబద్ధం చెప్పొద్దు, తల దించొద్దు. నిన్ను రానీయనిది వాళ్ళ తప్పు, నీది కాదు అని ముందు చెప్పండి. తరువాత గోనెపట్టా కథ చెప్పండి. మంగలి ముట్టుకోనంటే బాబాసాహెబ్ పెద్దక్కే తమ్ముళ్ళకు క్షవరం చేసిన సంగతి చెప్పండి. పిల్లలకు ఆ అక్క చానా నచ్చుతుంది, మా పాప ఇప్పటికీ ఆ కథే మళ్ళీ చెప్పమంటుంది. మంగలి కులంలో పుట్టిన ఉపాలికి శాక్య రాజకుమారుల కంటే ముందే బుద్ధుడు దీక్షనిచ్చి, వాళ్ళు అతనికి మొక్కేట్టు చేశాడని కూడా చెప్పండి. గోడ మీద బాబాసాహెబ్ ఫోటో చూసి "ఈయన దేవుడా?" అంటే కాదని చెప్పండి. నీలాగే బడికి పోయి నీలాగే ప్రశ్న అడిగిన పిల్లోడు అని చెప్పండి.

తల్లిదండ్రులు బెంగుళూరుకు పనికి పోయి, పిల్లలు అవ్వ దగ్గర పెరిగే ఇళ్ళు మన దిక్కు తక్కువేమీ లేవు. మీరు రాత్రి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, చదివావా" తో ఆపకండి. ఈరోజు ఏం చూశావు, ఎవరేమన్నారు, నువ్వేమన్నావు అని అడిగి, చెప్పేది చివరిదాకా వినండి. అవ్వకు చదువు రాకపోయినా, బూచోడు వస్తాడని పిల్లను భయపెట్టకుండా నిద్రపుచ్చితే అదీ ధమ్మమే. మిగిలింది మీరు ఊరికి వచ్చినప్పుడు, సంగటి తిన్నాక, చెంబులో కొంచెం నీళ్ళు మిగిల్చి చెప్పండి.

జై భీమ్. నమో బుద్ధాయ.