పిండానికి మెరుగులు ఎవరి కంటితో?

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో, హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. 1977లో మొదలైన ఈ సంస్థలో జన్యువుల మీద పరిశోధన జరుగుతుంది. ఇటు దగ్గర్లోనే ఉస్మానియా క్యాంపస్. గూడేల నుంచి వెళ్లిన మన పిల్లలు అక్కడి హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు. జన్యువును కత్తిరించి సరిచేయవచ్చని చదివిన పిల్లల ముందు ఒక ప్రశ్న ఉంది. పుట్టబోయే బిడ్డను పిండంగా ఉండగానే పొడుగ్గా, తెల్లగా, తెలివిగా మార్చుకోవడం న్యాయమేనా? ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?

ముందు ఇందులో నిజమెంతో చూద్దాం. తెలివి, పొడుగు ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. ఎన్నో జన్యువులకు తిండీ చదువూ తోడవ్వాలి. 2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్, హెచ్‌ఐవీ సోకకుండా పిండాల్లో జన్యువు మార్చానని, కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. అక్కడి కోర్టు మూడేళ్లు జైలుశిక్ష వేసింది. మన ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కూడా ఇందుకు ఒప్పుకోవు. కనుక ఇది రేపటి సంగతి. అందులో మన వాటా ఎంతో మాత్రం ఇప్పుడే తెలుస్తోంది.

సికిల్ సెల్ జబ్బునే చూడండి. తల్లిలో, తండ్రిలో ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లోనే గుర్తించారు. ఎముకల నొప్పులతో బడి మానేసే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఈ జబ్బుకు క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్సను అనుమతించాయి. ఇది పిండానికి కాదు, రోగి సొంత కణాలకు చేసేది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల రూపాయల పైమాటే. ఢిల్లీలోని ఐజీఐబీ తక్కువ ఖర్చులో తయారుచేస్తున్న చికిత్సకు బిర్సా ముండా పేరు పెట్టారు. సంతోషమే. పేరుతోపాటు మందు కూడా మన పీహెచ్‌సీ దాకా రావాలి కదా. జబ్బు తీసే కత్తెరే అందనివాళ్లకు మెరుగులు దిద్దే కత్తెర అందుతుందా? ఇప్పటిదాకా ఉన్నవాళ్లు బిడ్డకు కోచింగ్ కొన్నారు. రేపు పుట్టుకనే కొంటే ఆ తేడాను ఏ రిజర్వేషన్ పూడుస్తుంది?

అసలు లోపం అంటే ఏమిటి? సికిల్ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు మామూలుగా రోగులు కారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వాళ్లకు కొంత రక్షణ ఉంటుంది. జ్వరాల అడవుల్లో మన పెద్దలు బతికి బట్టకట్టడానికి సాయపడ్డ జన్యువది. ల్యాబ్ కాగితం మీద అది లోపం, అడవిలో ఆసరా. తరతరాలకు దిగే మార్పు చేసేవాళ్లు ఇలాంటివి ఎన్నున్నాయో చూసుకున్నారా? ఇక తెలుపు సంగతి. నలుపు లోపమని పెళ్లిచూపుల్లో, టీవీ ప్రకటనల్లో చెప్పినవాళ్లే రేపు పిండం ముందు కూర్చుంటారు.

అలాగని అన్నింటికీ వద్దనలేం. రాత్రంతా నొప్పితో ఏడ్చే బిడ్డ తల్లి, రెండో కాన్పుకైనా ఇది రాకుండా చూడండని అడిగితే, ఆమెకు నీతి చెప్పే హక్కు మనకు లేదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే ఇలాంటి రక్త జబ్బులకు గర్భంలో పరీక్షను ఒప్పుకుంటుంది. ఆ పరీక్ష నగరంలో ఉంది, ఆమె గూడెంలో ఉంది.

పిండం సంతకం పెట్టలేదు. దాని తరఫున పెద్దలు పెడతారు. ఇది మన టీచర్లకు కొత్త ప్రశ్న కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లల మీద హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టింది.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఇప్పుడు పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. వాహకురాలు అని రాసి ఉంటే రోగి అనుకుని సంబంధం తప్పిపోతుందేమోనని ఆడపిల్లల ఇళ్లలో భయం. ఆ మాటకు అర్థం కోయలో, గోండిలో, కువిలో చెప్పగలిగినవాళ్లు ల్యాబ్‌లో లేరు, బడిలో ఉన్నారు.