భయానికి ఆశ్రయం ఎవరు? – ఫ్యూజెలీ, శంకర్ చిత్రాలలో అతిమానుష దృశ్యం

లోకంలో లేని ప్రేతాన్ని సాహిత్యం నుండి గ్రహించి చిత్రించడం వల్ల మనిషికి తెలిసే సత్యమేమిటన్నది సౌందర్యశాస్త్రంతో పాటు నీతిశాస్త్రానికీ చెందిన ప్రశ్న.

కాల్పనికవాద చిత్రకారుడు హెన్రీ ఫ్యూజెలీ 1783లో షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాటకంలోని ముగ్గురు మంత్రగత్తెలను చిత్రించాడు. పెదవులపై వేళ్లు, ఒకే దిక్కుకు తిరిగిన మూడు ముఖాలు కనిపిస్తాయి; మాక్‌బెత్ కనిపించడు. ఆలంబనం ఉంది, ఆశ్రయం లేదు. ఆ ఖాళీలో ప్రేక్షకుడే నిలుస్తాడు. భయం నేరుగా అతనిదవుతుంది.

1947లో మద్రాసు నుండి ఆరంభమైన 'చందమామ'లో భేతాళ కథలకు శంకర్ (కె.సి. శివశంకరన్, 1924–2020) గీసిన చిత్రం ఇందుకు భిన్నం. భుజాన శవంతో, చేత ఖడ్గంతో విక్రమార్కుడు నడుస్తుంటాడు. శవం భయానకానికి తగిన ఆలంబనమే. అయినా ఆశ్రయమైన రాజులో ఉత్సాహం స్థాయిగా నిలవడంతో రసం వీరమవుతుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. రాజు న్యాయమే పలికి, మళ్లీ భారమెత్తుకుంటాడు.

ఫ్యూజెలీ చూపరిని ప్రలోభం ఎదుట ఒంటరిగా నిలిపాడు. శంకర్ ఇచ్చిన మాటకు కట్టుబడినవాని నడకను చూపాడు. కనుక అతిమానుష చిత్రణకు నైతిక విలువ ప్రేతరూపంలో కాక, దాని ఎదుట మనిషికి కల్పించిన స్థానంలో ఉంది.