ఒక్క స్వరం చాలు

అమ్మ "రా" అని పిలుస్తుంది. అందులో ప్రేమ ఉందో, కోపం ఉందో మనకు ఇట్టే తెలిసిపోతుంది. మాట ఒకటే. పలికే తీరు వేరు.

అమెరికాలో, మిసిసిపీ పత్తి చేలలో పని చేస్తూ పెరిగిన బ్లూస్ సంగీత గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన తన గిటార్‌కు లూసిల్ అని పేరు పెట్టుకున్నారు. 1969లో ఆయన రికార్డు చేసిన 'ద థ్రిల్ ఈజ్ గాన్' వినండి. ఆయన పాడతారు. ఆగుతారు. అప్పుడు గిటార్ బదులు చెబుతుంది. వేలితో తీగను పక్కకు నెడతారు. స్వరం మూలుగుతుంది. వేలు వణికిస్తారు. స్వరం కంటతడి పెడుతుంది. వీణ మీద గమకం విన్న చెవికి ఇది మరీ కొత్త కాదు.

బ్లూస్ గిటార్ నేర్చుకునేవాళ్లకు మొదట వేగం మీదే మోజు. ఈ పాట ముందు కూర్చుంటే ఆ మోజు తీరిపోతుంది. స్వరాలు గుప్పించనక్కర్లేదు. ఒక్క స్వరం చాలు, మనసు పెట్టి పలికిస్తే. ఆ తర్వాత ఆగాలి. ఆ మౌనం కూడా పాటే.

ఈ రోజు ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడూ అంతే. ఒక్క మాట చాలు. మనసు పెట్టి పలకండి. ఆగండి. బదులు వినండి.