పాము మింగినా ఆట అయిపోలేదు



ఉద్యోగం పోయిన నా ఫ్రెండ్‌కి రెండు నెలలు ఫోన్ చేయలేదు. ఏం మాట్లాడాలో తెలియక వాయిదా వేశాను. మొన్న ఆదివారం అమ్మమ్మ వైకుంఠపాళి పటం పట్టుకుని వాడి రూమ్‌కి వెళ్లాను. రోజంతా ఆడాం. పై వరుస దాకా వచ్చాక వాడిని పెద్ద పాము మింగింది. "అచ్చం నా సంగతే రా" అని నవ్వి, మళ్లీ గవ్వలు అందుకున్నాడు.

ఆ పటంలో నిచ్చెనలు సుగుణాలు, పాములు దుర్గుణాలు అంటారు పెద్దలు. ఉద్యోగం పోవడం వాడి దుర్గుణం కాదు. ముఖం చాటేయడం మాత్రం నాదే.

కుచేలుడు నోరు తెరిచి ఏమీ అడగలేదు. కృష్ణుడు ముందు తన పాన్పు మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగాడు. సంపద ఇచ్చింది ఆ తర్వాతే.

మీరూ ఫోన్ చేయని ఫ్రెండ్ ఉన్నారా? ఈరోజే చేయండి.

కృష్ణార్పణం.