ఏకదంతుడి ముందు మా బాబు పన్ను

ఈ వారం వీడియోలో వినాయకుడి ఏకదంత నామం గురించి చెప్పుకున్నాం కదా. అందులో చెప్పలేకపోయిన మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

పోయినేడాది మా మూడేళ్ల బాబు మెట్ల మీద నుంచి పడ్డాడు. పైవరస ముందుపన్ను చిగుళ్లలోకి దూరిపోయింది. నోరంతా రక్తం. వాడు పడేటప్పుడు నేను ఫోన్ చూస్తున్నాను. "స్వామీ, ఏమీ జరగనట్టు చేసెయ్" అని మొక్కుకున్నాను.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "పాలపన్నే. లోపల ఉన్న శాశ్వత దంతానికి తగల్లేదు. లాగొద్దు, చాలాసార్లు దానంతటదే దిగుతుంది. ఆగి చూద్దాం" అన్నారు. మెత్తటి అన్నం, మెత్తటి బ్రష్, తప్పకుండా చెకప్‌లు. నాలుగు నెలలకు పన్ను దిగింది, కానీ కాస్త బూడిద రంగులో. అది చూసినప్పుడల్లా నా తప్పే గుర్తొచ్చేది.

ఒకరోజు పూజగదిలో వాడు, "నాన్నా, సామికి కూడా పన్ను విరిగింది!" అని నవ్వాడు.

నిజమే. భారతం రాయడానికి దంతం విరుచుకున్న స్వామి దాన్ని మళ్లీ అతికించుకోలేదు. ఆ రూపంలోనే పూజలందుకుంటున్నాడు. జరిగింది చెరిపెయ్యమని అడగడం మానేశాను. వాడు మెట్లెక్కుతుంటే ఫోన్ పక్కన పెడుతున్నాను. ఇప్పుడు నా మొక్కు అదే.

మీ ఇంట్లో పిల్లలకు దెబ్బ తగిలితే దణ్ణం పెట్టుకోండి, కానీ డాక్టర్ దగ్గరికి వెళ్తూ పెట్టుకోండి. జై గణేశా!